పంది పొట్టతో వేపుడు, నూడుల్సు చారు
ఒక్క పొట్టతో ఇంటిల్లిపాదికి రెండు వంటలు – శుభ్రపరచు విధము, వండు విధము

పందుల పెంపకము లాభసాటిగా నుండవలెనన్న మంచి జాతి, సరియైన మేత, శుభ్రమైన పాక కావలెనని మన రైతులకు తెలియును. కోసిన పందిలో తినదగిన ఏ భాగమును వృథా పోనీయకుండుట కూడ ఆ లాభములో భాగమే. మాంసము, కాలేయము వెంటనే అమ్ముడుపోవును. పొట్ట మాత్రము జిగురుగా నుండుననియు, వాసన కొట్టుననియు, ఎంత ఉడికించినను సాగుచుండుననియు కొన్ని చోట్ల పారవేయుచున్నారు. ఈ మూడును శుభ్రపరచుటలోను, వండుటలోను వచ్చు లోపములే గాని పొట్టకు సహజమైన దోషములు కావు. వీనిని పోగొట్టు విధము తెలిసినచో, పారవేయు పొట్ట నలుగురైదుగురికి కడుపునిండ భోజనము కాగలదు.

మేక బోటిని, గొఱ్ఱె బోటిని మన తెలుగునాట, ముఖ్యముగా తెలంగాణములో, ఎంతో ఇష్టముగా వండుకొందురు. బోటి శుభ్రపరచుట వచ్చిన ఇల్లాలికి పంది పొట్ట కొత్త పని కాదు. అయితే ఈ వంటలో చాల కాలపు అనుభవము చైనా దేశమువారికి కలదు. ఈ వ్యాసములో తెలుపు రెండు వంటలును అక్కడివే. పంది మాంసము తిను అలవాటున్నవారి కొరకే ఇది వ్రాయబడినది.

పొట్ట యొక్క నిర్మాణము

ఆవు, గేదె, మేక, గొఱ్ఱెల పొట్టలో నాలుగు అరలుండును. పందికి మనిషికివలె ఒకటే అర. కావున తువాలువలె నూగుగా నుండు భాగము గాని, తేనెపట్టువంటి గళ్ళు గాని పంది పొట్టలో కనబడవు. ఇది చిక్కుడుగింజ ఆకారములో నుండు ఒక సంచి. వెలుపలి వైపు నునుపుగా నుండును. లోపలి వైపు ముడుతలు పడి, దట్టమైన జిగురు పట్టియుండును. వాసనకు ముఖ్య కారణము ఈ జిగురే.

బాగుగా ఎదిగిన పంది పొట్ట అర కిలో నుండి ముప్పాతిక కిలో వరకు తూగును. ఉడికిన తరువాత ఇంచుమించు సగమునకు తగ్గును. ఆహారము పేగులలోనికి పోవు ద్వారము వద్ద కండ మిక్కిలి దళసరిగా నుండును. తక్కిన భాగము పలుచన.

ఈ సంచి గట్టి కండతోను, ఆ కండను పట్టియుంచు నారవంటి పదార్థముతోను కట్టబడియున్నది. ఈ నారను కొల్లాజెన్ అందురు. కొద్ది వేడి తగిలినప్పుడు ఇది ముడుచుకొని గట్టిపడును. నీటిలో చాలసేపు సన్నని సెగపై ఉడికినచో కరిగి మెత్తని జెలటిన్‌గా మారును. సగము ఉడికిన పొట్ట రబ్బరువలె సాగుటకును, పూర్తిగా ఉడికినది నోటిలో మెత్తగా నుండుటకును కారణమిదే.

పచ్చి పొట్ట 100 గ్రాములలో సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల కొవ్వు, 160 కెలోరీల శక్తి కలవు. కొలెస్టరాల్ కూడ 200 మిల్లీగ్రాములకు మించియున్నది. కాబట్టి ఇది బలమైన ఆహారమే అయినను, ప్రతిదినము తినదగినది కాదు.

చైనాలో రెండు పద్ధతులు

చైనా పల్లెలలో పంది ఇంటి జంతువు. ఆ దేశపు లిపిలో ఇల్లు, కుటుంబము అను అర్థముగల అక్షరమును చూచినచో, పైన కప్పు, దాని క్రింద పంది అను రెండు గుర్తులు కనబడును. తవుడు, కూరగాయల తుక్కు తిని పంది పెరిగెడిది. దాని పెంట పొలమునకు ఎరువయ్యెడిది. కొత్త సంవత్సరమునకు ముందు పందిని కోసి, మాంసమును ఉప్పు పట్టించి ఎండబెట్టి నిలువ చేసెడివారు. రక్తము, కాలేయము, పేగులు, పొట్ట అట్లు నిలువయుండవు, త్వరగా చెడును. అందువలన వీనిని ముందుగా వండుకొని తినుట అవసరమయ్యెను. ఆ అవసరము నుండియే ఎన్నో మంచి వంటలు పుట్టినవి.

చైనాలో 18వ శతాబ్దమున జీవించిన యువాన్ మే అను కవి 1792లో ప్రచురించిన తన వంటల గ్రంథములో పంది పొట్టకు రెండు పద్ధతులు చెప్పెను. ఉత్తరదేశపువారు పొట్టలోని మిక్కిలి దళసరి భాగమును మాత్రమే తీసికొని, పై పొరను, లోపొరను తొలగించి, చిన్న ముక్కలుగా కోసి, మరుగు నూనెలో క్షణకాలము వేపుదురు. అది కరకరలాడవలెను. దక్షిణదేశపువారు పొట్టను నీటిలో సారాయి చేర్చి, రెండు అగరువత్తులు కాలునంత సేపు ఉడికింతురు. అది బాగుగా మెత్తబడవలెను.

ఈ రెండు పద్ధతులు నేటికిని నిలిచియున్నవి. ఉత్తరమున షాన్‌డాంగ్ రాష్ట్రములో పంది పొట్ట దళసరి భాగమును, కోడి కందనకాయను కలిపి క్షణాలలో వేపు వంట పేరెన్నిక గన్నది. దక్షిణమున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములోని చావ్‌జౌ ప్రాంతమువారు పొట్టలో తెల్ల మిరియాలు నింపి చారు కాతురు. ఆ ప్రాంతమువారు షాంటౌ రేవు నుండి సింగపూరు, మలయా, సయాము దేశములకు వలసపోయినప్పుడు ఈ వంటను తమ వెంట తీసికొని పోయిరి. సింగపూరు అంగళ్ళలో నేడును వెడల్పైన బియ్యపు రేకులను సోయా చారులో వేసి, పంది పొట్ట, పేగులతో అమ్ముచున్నారు.

నూడుల్సు కూడ నేలను బట్టి మారును. ఉత్తర చైనాలో గోధుమ పండును. అక్కడ గోధుమ నూడుల్సు వాడుక. దక్షిణమున వరి పండును. అక్కడ బియ్యపు నూడుల్సు ఎక్కువ. వరి పండించు మనకు బియ్యపు నూడుల్సు రుచి సులభముగా అలవాటు కాగలదు.

ఉత్తరదేశపు పద్ధతికి చేయి తిరిగిన వంటవాడు, గొప్ప మంట కావలెను. క్షణకాలపు వేడికి ముక్క లోపలి వరకు ఉడికినదో లేదో ఇంటిలో కనిపెట్టుట కష్టము. కావున మన ఇండ్లలో దక్షిణదేశపువారివలె ముందు పూర్తిగా ఉడికించి, తరువాత వేపుకొనుటయో, చారులో వేసికొనుటయో మేలు. రుచికి లోటుండదు, ఆరోగ్యమునకు భయముండదు.

కొనునప్పుడు చూడవలసినవి

1. పొట్ట కోసిన నాటిదే కావలెను. రంగు లేత గులాబి కలిసిన తెలుపుగా నుండవలెను. ఆకుపచ్చని, నల్లని మచ్చలున్నచో తీసికొనరాదు.

2. పట్టి చూచినచో బిగువుగా నుండవలెను. జావగా జారునది, కుళ్ళు వాసన కలది పనికిరాదు.

3. లోపలి వైపు పుండ్లు, గడ్డలు ఉన్నచో విడిచిపెట్టవలెను.

4. అదే పంది మాంసములో బియ్యపు గింజలవంటి తెల్లని తిత్తులు కనబడినచో మాంసమును, పొట్టను గూడ కొనరాదు.

5. వేసవిలో ఇంటికి తెచ్చిన గంటలోపల శుభ్రపరచుట ప్రారంభింపవలెను. అట్లు వీలుకానిచో మంచుపెట్టెలో పెట్టి, మరునాటికి మించకుండ వాడుకొనవలెను.

శుభ్రపరచు విధము

ఈ పనికి ముప్పావు గంట పట్టును. తొందరపడిన పక్షమున వంట అంతయు చెడును.

మొదట పొట్టకు వెలుపల అంటియున్న కొవ్వును కత్తితో తీసివేయవలెను. తరువాత సంచిని తిరగవేసి, లోపలి వైపు వెలుపలికి వచ్చునట్లు చేసి, ధారగా పారు నీటిలో కడుగవలెను. నీరు చిమ్మి గిన్నెలపైన, కూరగాయలపైన పడకుండ చూచుకొనవలెను.

ఇప్పుడు రెండు పెద్ద చెంచాల గళ్ళుప్పు, నాలుగు పెద్ద చెంచాల గోధుమపిండి చల్లి, బట్ట ఉతికినట్లు రెండు చేతులతో అయిదు నిమిషములు రుద్దవలెను. ఉప్పు జిగురును విడదీయును, పిండి దానిని పట్టుకొని వచ్చును. గోధుమపిండి లేనిచో వరిపిండి చాలును. కడిగి, మరల అట్లే చేయవలెను. మూడవ మారు ఉప్పుతో రెండు పెద్ద చెంచాల వెనిగర్ గాని, చిక్కని చింతపండు పులుసు గాని చేర్చి రుద్దవలెను. వ్రేలితో తడిమినప్పుడు జారుడు తగులకుండునంత వరకు ఈ పని చేయవలెను.

పిదప ఒక గిన్నెలో నీరు మరిగించి, నలుగగొట్టిన అల్లము వేసి, పొట్టను అయిదు నిమిషములు ఉంచి తీయవలెను. లోపలి వైపున, ముఖ్యముగా రెండు ద్వారముల వద్ద, పసుపు కలిసిన తెల్లని పొర గట్టిపడి పైకి తేలును. దానిని కత్తి మొద్దువైపుతో గాని, చెంచా అంచుతో గాని గీకివేయవలెను. చాల మంది మరచునది ఈ పనియే. ఈ పొర మిగిలినచో ఎన్ని మసాలాలు వేసినను వాసన పోదు. ఉడికిన నీటిని పారబోసి, పొట్టను మరియొకమారు కడుగవలెను.

ఒకే కుండలో రెండింటికి ఉడికించుట

కావలసినవి: శుభ్రపరచిన పొట్ట 1, పంది ఎముకలు అర కిలో (వీనిని కూడ అయిదు నిమిషములు మరిగించి కడుగవలెను), నీరు 3 లీటర్లు, అల్లము 30 గ్రాములు, వెల్లుల్లి ఒక గడ్డ, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒక పెద్ద చెంచా.

చైనాలో తెల్ల మిరియాలు వాడుదురు. తెల్ల మిరియము వేరొక పంట కాదు. పండిన మిరియపు కాయను నానబెట్టి పై తోలు తీసినచో తెల్ల మిరియమగును. నల్ల మిరియాలు వాడినను తప్పు లేదు. చారు రంగు మాత్రము కొంత మారును. మన విశాఖ మన్యములో కాఫీ తోటల నీడ చెట్లపై మిరియపు తీగలు ప్రాకింపబడుచున్నవి. ఆ మిరియాలు ఈ వంటకు చక్కగా సరిపోవును.

మిరియాలను పలుచని గుడ్డలో మూటకట్టి, అన్నిటిని కుండలో వేసి, పొంగు వచ్చిన తరువాత తెట్టు తీసి, సన్నని సెగపై మూతపెట్టి ఉడికింపవలెను. ఉప్పు ఇప్పుడు వేయరాదు. నీరు ఇగిరిన కొలది చారు ఉప్పన అగును.

గంట అయిన తరువాత పొట్టను బయటకు తీసి రెండుగా కోయవలెను. దళసరి సగమును వేపుడుకు ప్రక్కన పెట్టవలెను. దానిని పుల్లతో పొడిచినచో కొద్దిపాటి పట్టుతో దిగవలెను. పలుచని సగమును మరల కుండలో వేసి ఇంకొక అర గంట ఉడికింపవలెను. అది పుల్లకు పట్టు లేకుండ మెత్తబడును. ప్రెషర్ కుక్కరులో అయినచో మొదటి కూత తరువాత మంట తగ్గించి 25 నిమిషములు ఉంచిన చాలును. కుక్కరును మూడింట రెండు వంతులకు మించి నింపరాదు. అందులో పట్టినంత నీరే పోసి, తరువాత మరుగు నీరు చేర్చుకొనవచ్చును.

వేపుడు

కావలసినవి: ఉడికిన పొట్ట దళసరి సగము, నూనె రెండు పెద్ద చెంచాలు, సన్నగా తరిగిన అల్లము అంగుళము ముక్క, వెల్లుల్లి 5 రెబ్బలు, పచ్చిమిరపకాయలు 5, ఉల్లికాడలు ఒక కట్ట, సోయా సాస్ ఒక పెద్ద చెంచా, వెనిగర్ ఒక చిన్న చెంచా, చక్కెర చిటికెడు, మొక్కజొన్న గంజిపొడి ఒక చిన్న చెంచా, రెండు పెద్ద చెంచాల నీటిలో కలిపినది.

పొట్టను గుడ్డతో తడి లేకుండ తుడిచి, ఏటవాలుగా చిటికెనవ్రేలి మందమున ముక్కలు కోయవలెను. తడి ఉన్నచో మూకుడులో నీరు ఊరి వేపుడు కాక ఉడుకు అగును. అన్ని వస్తువులను ముందే తరిగి ప్రక్కన ఉంచుకొనవలెను. పొయ్యి వెలిగించిన తరువాత తరుగుటకు వ్యవధి ఉండదు.

మూకుడు బాగుగా కాగిన తరువాత నూనె పోసి, అల్లము, వెల్లుల్లి, మిరపకాయలు అర నిమిషము వేపవలెను. పొట్ట ముక్కలు వేసి, పెద్ద మంటపై రెండు నిమిషములు ఎడతెగక కలుపవలెను. సోయా సాస్, చక్కెర, ఉల్లికాడలు చేర్చి, గంజినీరు పోసి, ముక్కలకు నిగనిగ పట్టగానే వెనిగర్ చల్లి దింపవలెను. అంతయు నాలుగు నిమిషములలో ముగియవలెను. పొట్ట ముందే ఉడికినది. ఇంకను ఎక్కువసేపు వేపినచో లోని తడి ఆరి మరల సాగును. సోయా సాస్‌లో ఉప్పు ఎక్కువ గనుక రుచి చూచిన తరువాతనే ఉప్పు వేసికొనవలెను.

చైనాలో హునాన్ రాష్ట్రమువారు దీనిని మిరపకాయలు దండిగా వేసి చేయుదురు. మన గుంటూరు వైపు కారమునకు అలవాటు పడినవారికి ఆ తీరు నచ్చును. అన్నముతోను, జొన్నరొట్టెతోను ఈ వేపుడు బాగుండును.

నూడుల్సు చారు

కావలసినవి: కుండలోని చారు ఒకటిన్నర లీటరు; ఉడికిన పొట్ట పలుచని సగము; ఎండు బియ్యపు నూడుల్సు 200 గ్రాములు; ఆకుకూర ఒక కట్ట; వెల్లుల్లి 6 రెబ్బలు; నూనె ఒక పెద్ద చెంచా; ఉల్లికాడలు, కొత్తిమీర, మిరియపు పొడి, ఉప్పు తగినంత.

నూడుల్సును గోరువెచ్చని నీటిలో అర గంట నానబెట్టవలెను. ఎముకలను, మిరియపు మూటను తీసివేసి, చారును పది నిమిషములు పెద్ద మంటపై తెర్లనీయవలెను. కొవ్వు, జెలటిన్ కలిసిపోయి చారు పాలవలె తెల్లబడును. పిండి గాని, పాలు గాని కలుపనవసరము లేదు. ఇప్పుడు ఉప్పు వేయవలెను.

వెల్లుల్లిని సన్నగా తరిగి నూనెలో బంగారు రంగు వచ్చువరకు వేపి ఉంచుకొనవలెను. నానిన నూడుల్సును వేరుగా మరుగు నీటిలో ఒక నిమిషము ముంచి తీసి గిన్నెలలో పెట్టవలెను. చారులోనే ఉడికించినచో గంజి దిగి చారు చిక్కబడును. ఆకుకూరను చారులో ఒక పొంగు రానిచ్చి, పొట్టను సన్నని పోగులుగా కోసి నూడుల్సుపై పరచి, తెర్లుచున్న చారును పోయవలెను. పైన వేపిన వెల్లుల్లి, ఉల్లికాడలు, కొత్తిమీర, మిరియపు పొడి చల్లి వేడిగా తినవలెను. చావ్‌జౌవారు ఉప్పులో ఊరవేసిన ఆవ జాతి ఆకును ఇందులో వేయుదురు. ఆ పులుపునకు బదులు మనము కొద్దిగా నిమ్మరసము పిండుకొనవచ్చును.

ఈ కొలతకు నలుగురికి చారు, వేపుడు రెండును సరిపోవును.

ముఖ్యమైన జాగ్రత్తలు

పొట్ట కడిగిన నీటిని, తీసివేసిన తుక్కును పందులకు పెట్టరాదు. ఆఫ్రికన్ స్వైన్ జ్వరము అను వ్యాధి క్రిములు పచ్చి మాంసములోను, మంచులో పెట్టిన మాంసములోను చాలకాలము బ్రతికియుండును. ఈ వ్యాధి 2018 ఆగస్టులో చైనాలో బయటపడి ఆ దేశపు పందుల పరిశ్రమను కుదిపివేసెను. 2020లో అస్సాం, అరుణాచల ప్రదేశ్‌లలో కనబడినది. మనుష్యులకు ఇది సోకదు. కాని పందికి సోకినచో చికిత్స లేదు. పాకలోని పందులన్నియు పోవచ్చును. వంటింటి తుక్కు ద్వారా వ్యాధి వ్యాపించుట సామాన్యము. కావున తుక్కును లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్చవలెను.

రెండవది బద్దెపురుగు. మనుష్యుల మలములోని బద్దెపురుగు గ్రుడ్లను పంది తినినప్పుడు దాని మాంసములో తిత్తులు ఏర్పడును. ఆ మాంసము సరిగా ఉడకనిచో తిన్నవారి పేగులలో పురుగు పెరుగును. ఆ గ్రుడ్లు చేతుల ద్వారా, నీటి ద్వారా, పచ్చి కూరల ద్వారా మనిషి కడుపులోనికి పోయినచో మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు రావచ్చును. పంది మాంసము ఎన్నడును తిననివారికి గూడ ఈ విధముగా మూర్ఛలు రావచ్చును. కాబట్టి ప్రతి ఇంటికి మరుగుదొడ్డి వాడుక, పందులను ఊరిపై వదలక పాకలో పెంచుట, కోయుటకు ముందును తరువాతను పశువైద్యునిచే పరీక్ష – ఈ మూడును జరుగునట్లు గ్రామోద్యోగులు శ్రద్ధ వహింపవలెను. ఇందువలన తినువారికే గాక ఊరంతటికి మేలు.

పచ్చి పొట్ట తాకిన కత్తిని, పీటను, చేతులను సబ్బుతో కడుగకుండ వేరొక పని చేయరాదు. వండినది మిగిలినచో రెండు గంటలలోపల, ఎండలు ముదిరినప్పుడు గంటలోపల, మంచుపెట్టెలో పెట్టి, మూడు దినములలో బాగుగా మరుగబెట్టి తినవలెను. మంచుపెట్టె లేని ఇంట ఆ పూటకు సరిపడు మాత్రమే వండుట మంచిది. గౌట్ అను కీళ్ళవాతము, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుని అడిగి తినవలెను.

పందులు పెంచు రైతు సోదరులు తమ ఇంట ఒకమారు ఈ రెండు వంటలు చేసి చూడవలెను. వండుట వచ్చిన తరువాత, మాంసము కొనవచ్చువారికి గూడ పొట్టను శుభ్రపరచి, గీకి, ఉడికించి చూపవచ్చును. శుభ్రముగా నున్న పొట్టను కొనువారు దొరకుదురు. పచ్చిగా, జిగురుతో ఉన్నదానిని అడుగువారు అరుదు. గంట పని, గుప్పెడు ఉప్పు, పిడికెడు పిండి – ఇంతమాత్రమే ఖర్చు. పారవేయుదానికి వెల వచ్చును.